ఆపమన్న చెయ్యి

గాజువాకలో ఆ సందులోకి లారీ వెనక్కి రావాలంటే డ్రైవరు ముందుగా జగ్గారావు కోసం చూస్తాడు. జగ్గారావు లుంగీ పైకి మడిచి, తువ్వాలు భుజాన వేసుకుని అరుగు దిగుతాడు. ఆయన చూపుడువేలు గాలిలో సున్నా చుడితే రావచ్చు. అరచెయ్యి నేలకేసి తట్టినట్టు ఆడితే నెమ్మది. పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఉండాలి. నోటి వెంట ఒక్క మాట రాదు. ఇటు మూడంగుళాలు, అటు నాలుగంగుళాలు ఖాళీ ఉన్న సందులోంచి సిమెంటు లారీని ఏ గోడకీ గీత పడకుండా లోపలికి తెస్తాడు. ముప్పయ్యేళ్లు ఓడల మీద ఆ చేత్తోనే బతికిన మనిషి మరి!

ఆ చేతికి ఒక కథ ఉంది. సందులో పిల్లలు కూడా దాన్ని ఆడి చూపిస్తారు. ఒక ఆదివారం పొద్దున, ఆరువందల మంది చూస్తుండగా, ఆ చెయ్యి ఒక పెద్ద నాయకుణ్ణి మైకు ముందు నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఆపేసింది.

జగ్గారావు ఆనందపురం అవతలి పల్లె నుంచి పోర్టుకి వచ్చింది డెబ్బై మూడులో. మొదట బస్తాలు మోశాడు. రెండేళ్లకి సిగ్నల్‌మేన్ అయ్యాడు. ఓడ మీద సరుకెత్తే వించి నడిపేవాడికి ఓడ కడుపులో ఏముందో కనపడదు. అంచున ఒకడు నిలబడి, లోపల మనుషుల్నీ పైన వేలాడే సరుకునీ చూస్తూ చేతులతో చెబితేనే వించి ఎత్తుతుంది, దించుతుంది. ఆ ఒక్కడూ జగ్గారావు. వించి మీద కూర్చునేది అర్జునరావు. ఇద్దరికీ చుట్టరికం లేదు గానీ పిలుపు మాత్రం బావే.

"నా పెళ్లాం మాటైనా ఇనకపోతానేటో గాని నీ సెయ్యి మాట ఇనకుండా ఉండను బావా," అనేవాడు అర్జునరావు.

అన్నిటికంటే పెద్ద సిగ్నల్ ఒకటుంది. రెండు చేతులూ తలపైకెత్తి కత్తెరలా అడ్డం పెట్టడం. అంటే ఆపు. అది చూశాక వించి క్షణం కూడా కదలకూడదు. మొదట్లో ఆ సిగ్నల్ కూడా సిగ్నల్‌మేన్ ఒక్కడిదే. అందరిదీ ఎలా అయిందంటే, ముసలమ్మ వల్ల.

ముసలమ్మ పేరుకే ముసలమ్మ. అప్పటికి యాభై దాటలేదు. తపేలాతో చోడంబలి, అదే రాగి అంబలి, నెత్తిన పెట్టుకుని ఓడరేవులో అమ్మేది. డెబ్బై ఎనిమిదిలో ఒకరోజు ఎరువుల ఓడ దిగుతోంది. జగ్గారావు కళ్లు ఓడ కడుపులో ఉన్నాయి. అతని వెనకాల, తలకి బారెడు పైన, సరుకు మోస్తున్న ఇనపతాడు చీపురుకట్టలా విచ్చుకుంటోంది. అది చూసింది ముసలమ్మ ఒక్కర్తే. తపేలా దించి, రెండు చేతులూ తలమీద కత్తెర పెట్టింది. అర్జునరావు ఎవరిదని చూడలేదు, చెయ్యి చూశాడు. టక్కున వించి ఆపేశాడు. బస్తాల మోపు గాలిలో ఊగుతూ నిలబడిపోయింది. దాని కింద ఎనిమిది మంది మనుషులు!

వాళ్లు బయటికి పాకి వచ్చిన రెండు నిమిషాలకి తాడు తెగింది.

సూపర్‌వైజరు మాత్రం ముసలమ్మ మీద విరుచుకుపడ్డాడు. "ఓడని ఆపడానికి నువ్వెవత్తివి?"

"నానాపకపోతే ఈలంతా పోదురు బాబూ," అంది ముసలమ్మ. "రేపు నా అంబలెవులు తాగుతారు? నువ్వు తాగుతావేటి?"

గేటు బయటికి గెంటించబోతుంటే సన్నగా, తెల్లచొక్కా వేసుకున్న ఒక కుర్ర గుమస్తా అడ్డం వచ్చి నిలబడ్డాడు. భీమవరం వైపు నుంచి వచ్చినవాడు. సాగర శ్రామిక సంఘం అనే పోర్టు కార్మికుల సంఘానికి కొత్తగా కార్యదర్శి అయ్యాడు. పేరు సీతారామాంజనేయులు.

"ఆగండి సార్! నడపమని చెప్పడానికి ఒక్కడే ఉండాలి. ఆపమని చెప్పడానికి అందరికీ హక్కుండాలి. కింద ఉన్నది మనుషులండీ!"

ఓడరేవు మొత్తం ఈల వేసింది ఆ రోజు. ఆ వారమే వన్ టౌన్‌లోని సంఘం హాలు గోడ మీద అతనే దగ్గరుండి నీలం రంగుతో రెండు లైన్లు రాయించాడు. *ఆపమని ఎవరు చూపినా ఆగాలి. చూసినవాడు ఇంకొకరికి చూపించాలి.* రెండో లైను ఎందుకంటే, దూరంగా ఉన్నవాడికి మొదటివాడి చేతులు కనపడకపోవచ్చు. అందుకని ఒకరు కత్తెర పెడితే చూసిన ప్రతివాడూ పెట్టాలి. ఎందుకు ఆపారో తేలేదాకా దించకూడదు. ఏళ్లు గడిచేసరికి అది పోర్టు వాళ్ల ఒంట్లోకి ఎక్కిపోయింది. పెళ్లి పందిట్లో ఎవడైనా చేతులు కత్తెర పెడితే వడ్డించేవాళ్లు గరిటె గాల్లో పట్టుకుని ఆగిపోయేవారు.

సీతారామాంజనేయులు ఎనభై రెండులో ప్రెసిడెంటయ్యాడు. మంచినీళ్లు తెప్పించాడు, చేతులకి తొడుగులు ఇప్పించాడు, దెబ్బ తగిలినవాణ్ణి రిక్షాలో తన ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అలా ఒళ్లో తల పెట్టుకుని వెళ్లినవాళ్లలో జగ్గారావు ఒకడు. ఆ మనిషి మంచివాడు కాదని జగ్గారావు ఎప్పుడూ అనలేదు. ఈ రోజుకీ అనడు.

మార్పు మెల్లగా వచ్చింది. మొదట్లో ఓట్లు చీటీల మీద వేసేవారు. ఎనభై ఆరులో ప్రెసిడెంటు నవ్వుతూ అన్నాడు, "మనలో మనకి దాపరికాలేమిటయ్యా? మగాళ్లలా చెయ్యెత్తి చెప్పండి!" అందరూ చప్పట్లు కొట్టారు. చీటీల డబ్బా అటకెక్కింది. తర్వాత ఆఫీసు గదిలో ఐదు కుర్చీలు మూడయ్యాయి, మూడు ఒకటయ్యాయి. వచ్చినవాళ్లు నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. గోడ మీద నీలం అక్షరాలకి అడ్డంగా ప్రెసిడెంటు ఫొటో ఒకటి వచ్చింది, తర్వాత దానికంటే పెద్దది వచ్చింది.

చెయ్యెత్తే సభల్లో ఒక తమాషా జరిగేది. మైకులో చదివే తీర్మానాలు సగం మందికి అర్థమయ్యేవి కావు. ముందు వరసలో కూర్చున్న జగ్గారావు చెయ్యి చూసేవారు. అది లేస్తే నాలుగువందల చేతులు లేచేవి. ఓడ మీద ఆ చేతిని నమ్ముకుని ప్రాణాలు పెట్టినవాళ్లు, ఓటుకి నమ్మరా? జగ్గారావుకి అది గర్వంగా ఉండేది.

తొంభై నాలుగులో చలమయ్య అనే బస్తాల మేస్త్రీ సభలో లేచి ఒక ప్రశ్న అడిగాడు. "పన్నెండేళ్లుగా తమరే ప్రెసిడెంటు. ఇంకెవరికైనా పోటీ చెయ్యాలనుంటే ఎలాగండీ?" అంతే. వారం తిరక్కుండా సంఘద్రోహి అని తీర్మానం చదివారు. జగ్గారావు చెయ్యెత్తాడు. అందరూ ఎత్తారు. సంఘం కార్డు పోతే గ్యాంగులో పేరు ఉండదు, పేరు లేకపోతే పని ఉండదు. చలమయ్య సింహాచలం కొండ కింద కొబ్బరికాయలు అమ్ముకోవడానికి వెళ్లిపోయాడు.

తొంభై ఏడు ఏప్రిల్‌లో ఆ నోటీసు వచ్చింది.

జగ్గారావు కూతురు రోజారమణి బి.ఏ. రెండో సంవత్సరం. తండ్రికి అక్షరం రాదు కాబట్టి సంఘం కాగితాలన్నీ ఆ పిల్లే చదివి పెడుతుంది. భార్య సన్యాసమ్మ పొయ్యి దగ్గర చేపల పులుసు పెడుతోంది.

"నాన్నా, వచ్చే ఆదివారం సభ. నిబంధనలు మారుస్తారట. ఒకటి, సీతారామాంజనేయులుగారు శాశ్వత అధ్యక్షుడు. రెండు, ఇకమీదట ఎన్నికలుండవు. మూడు, అధ్యక్షుణ్ణి ప్రశ్నించిన సభ్యుణ్ణి విచారణ లేకుండా తీసెయ్యొచ్చు. అందరూ ఏకగ్రీవంగా ఆమోదించాలట."

"ఏకగ్రీవం అంతే ఏటమ్మా? ప్రతి మీటింగులోనూ అంతారు గాని."

"ఏక అంటే ఒకటి. గ్రీవం అంటే మెడ. అందరిదీ ఒకే మెడ అని."

జగ్గారావు తన మెడ తడుముకున్నాడు. "అలగైతే మంచి సదుపాయమే. ఒక్క మెడ అట్టుకుంతే సాలు, అందరం దొరికిపోతాం."

పొయ్యి దగ్గర సన్యాసమ్మ పకపకా నవ్వింది. రోజారమణి నవ్వలేదు. "దేశాలు కూడా ఇలాగే పోతాయని మా మేడమ్ చెప్పారు నాన్నా. తుపాకులు పట్టుకుని ఎవరో రానక్కర్లేదట. మనం ఎన్నుకున్నవాడే ముందు చీటీలు తీసేస్తాడు, తర్వాత ప్రశ్నలు తీసేస్తాడు, ఆఖరికి ఎన్నికలే తీసేస్తాడు. ప్రతిదానికీ మనమే చప్పట్లు కొడతాం."

"దేశం సంగతి తరవాత సూద్దాం గాని ఈ పులుసు దించు, మాడిపోతంది," అంది సన్యాసమ్మ. దించాక మళ్లీ తనే అడిగింది. "దీన్ని ఆపీడానికి దారేటీ లేదేటే?"

రోజారమణి పెట్టె అడుగు నుంచి సంఘం పాత రూల్సు పుస్తకం తీసింది. పసుపుపచ్చగా మారిపోయిన పదహారు పేజీలు. పదకొండో రూలు దగ్గర ఆ పిల్ల గొంతు ఒక్కసారి పైకి లేచింది. "ఉంది! హాజరైన సభ్యుల్లో నాలుగోవంతు మంది అడిగితే చీటీల మీద ఓటు పెట్టి తీరాలి. దీన్ని ఎవరూ తియ్యలేదు నాన్నా, అందరూ మర్చిపోయారంతే!"

మూడోరోజు ప్రెసిడెంటు జగ్గారావుకి కబురు పెట్టాడు. గదిలో ఉన్న ఒక్క కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం పాతదే.

"ఏరా జగ్గా, మోకాలు నొప్పి తగ్గిందా? విను. ఆదివారం నువ్వు కింద కూర్చోకూడదు. స్టేజీ మీద నా పక్కన నిలబడతావు. నేను 'ఆమోదమేనా' అనగానే నీ చెయ్యి లేవాలి. మిగతాది వాళ్లే చూసుకుంటారు."

"బాబూ, ఎన్నికలే ఒద్దంతే..."

"ఎన్నికలంటే గొడవలు రా. నేను లేకపోతే ఈ సంఘం మూడు రోజులు నిలబడదు. నీకు తెలీదా?" ఆ మాట ఆయన నిజంగానే నమ్ముతున్నాడు, కళ్లలో తెలుస్తోంది. తర్వాత మెత్తగా అడిగాడు. "నీ రిటైర్మెంటుకి ఇంకా ఆరేళ్లుంది కదూ? పిల్ల చదువుకుంటోంది కదూ?"

"సిత్తం బాబూ," అని బయటికి వచ్చాడు జగ్గారావు.

శనివారం సన్యాసమ్మ పట్టుబట్టి సింహాచలం తీసుకెళ్లింది. దేవుడికి కొబ్బరికాయ కొనాలి కదా. కొండ కింద నలభై కొట్లుండగా ఆవిడ తిన్నగా చలమయ్య కొట్టు ముందుకే నడిచింది. జగ్గారావు తల దించుకుని నిలబడ్డాడు.

చలమయ్య కాయలు వేలితో మీటి చూస్తూ, "నా మీద చెయ్యెత్తావని కోపం లేదు జగ్గారావూ," అన్నాడు. "కొట్టడానికి ఎత్తావా ఏమన్నా? ఓటుకే కదా. కాకపోతే ఒక్క మాట అడగాలని మూడేళ్ల నుంచీ ఉంది. ఆ రోజు నువ్వు ఎత్తకపోతే తక్కినవాళ్లు ఎత్తేవాళ్లంటావా?"

జగ్గారావుకి జవాబు తెలుసు. అదే బాధ.

"ఇదిగో, ఈ కాయ పట్టుకెళ్లు. నీళ్లు నిండుగా ఉన్నాయి. కుళ్లదు, పూచీ నాది."

తిరుగు బస్సులో సన్యాసమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. "ఆ సెయ్యి నీదేనా మావా, బాబుగారికి అద్దికిచ్చీసేవా?"

"ఎత్తకపోతే రేపు నీనూ సెలమయ్య పక్కన కొట్టు ఎట్టుకోవాలే."

"ఎట్టుకుందాం. నాను కాయలు మీటుతాను, నువ్వు సేతులూపి బస్సులాపు. యాపారం బెమ్మాండంగా సాగుద్ది!"

ముందు సీట్లో వాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు జగ్గారావు. నవ్వాక ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది.

ఆదివారం పొద్దున పది గంటలకే హాలు కిక్కిరిసిపోయింది. ఆరువందల మందికి పైనే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి కిందికి దిగడం లేదు. స్టేజీ వెనక ప్రెసిడెంటు నిలువెత్తు ఫొటో, దాని చుట్టూ బంతిపూల దండలు. నీలం అక్షరాల్లో ఒక్క "లి" మాత్రం ఫ్రేము పక్కనుంచి తొంగి చూస్తోంది. గుమ్మం బయట ముసలమ్మ తపేలా పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు పేరుకి తగ్గ వయసొచ్చింది ఆవిడకి.

స్టేజీ మీద నిలబడి చూస్తే జగ్గారావుకి అంతా ఓడ మీద నుంచి చూసినట్టే ఉంది. కింద మనుషులు. పైన ఏదో బరువైనది వేలాడుతోంది. అందరి కళ్లూ తన చేతుల మీద.

ప్రెసిడెంటు గంటసేపు మాట్లాడాడు. మంచినీళ్ల సంగతి చెప్పాడు, తొడుగుల సంగతి చెప్పాడు. "మీరందరూ కలిస్తే నేను! నేనంటే మీరందరూ!" అన్నాడు. ఆఖరికి రెండు చేతులూ చాచి గొంతెత్తాడు. "ఈ మార్పులు మీకు ఆమోదమేనా? చేతులెత్తండి!"

జగ్గారావు కుడి చెయ్యి లేచింది. దాన్ని చూసి హాల్లో వందల చేతులు లేవడం మొదలైంది. భుజాల దాకా వచ్చాయి, చెవుల దాకా వచ్చాయి... అప్పుడు జగ్గారావు ఎడమ చెయ్యి కూడా లేచింది. రెండూ తలపైన కలిశాయి. కత్తెర!

మూడో వరసలో అర్జునరావు సగం ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆలోచించడానికి టైము ఎక్కడిది? రెండో చెయ్యి దానంతటదే లేచి అడ్డం పడింది. చూసినవాడు చూపించాలి! అతని వెనక వరస, దాని వెనక వరస, గోడవారగా నిలబడ్డవాళ్లు, కిటికీలెక్కినవాళ్లు, ఈ చివర నుంచి ఆ చివరకి అల లేచినట్టు చేతులు కత్తెర పడుతూ పోయాయి. మైకువాడు కూడా ఒకప్పుడు గ్యాంగులో చేసినవాడే. ఆపు అనగానే మైకు కట్టేసి మరీ చేతులెత్తాడు. హాలంతా ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే.

ప్రెసిడెంటు ఓడ ఎక్కి పదిహేనేళ్లయింది. ఆయనకి కనపడింది ఎత్తిన చేతులే. ముఖం వెలిగిపోయింది. మైకు లేకుండానే అరిచాడు. "చూశారా! ఒక్క చెయ్యి అడిగితే రెండేసి ఎత్తారు! ఏకగ్రీవం! రాసుకోండి, ఏకగ్రీవం!"

అర్జునరావు ఉండబట్టలేకపోయాడు. "బాబూ! అది ఎత్తడం కాదండీ, ఆపడం!"

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. చేతులు మాత్రం ఒక్కరూ దించలేదు.

"మరిసిపోనారేటి బాబూ? ఈ రూలు మీరు పెట్టిందే కదా!" అన్నాడు అర్జునరావు మళ్లీ.

ప్రెసిడెంటు అప్పుడు తిరిగి జగ్గారావుని చూశాడు. ముఖంలో రంగు మారింది. "చెయ్యి దించరా."

"ఎందుకాపేరో సూసేదాకా దించకూడదండి." జగ్గారావు చేతులు అలాగే ఉంచాడు. "అలాగని మీరే నేర్పేరు. ఆపే రూలు మీ పొటో ఎనకాల ఉంది, సదువుకోండి."

ఇద్దరు కుర్రాళ్లు స్టేజీ ఎక్కి ఫొటో అంచు పట్టుకుని జాగ్రత్తగా, దండ జారకుండా పక్కకి జరిపారు. దుమ్ము రాలింది. దాని వెనక నీలం అక్షరాలు నిన్న రాసినంత నీలంగా ఉన్నాయి, ఎండ తగల్లేదు కదా!

"నిన్ను ఇప్పుడే తీసేస్తున్నాను! విచారణ లేదు, ఏమీ లేదు!" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆ రూలు ఇంకా పాసవలేదు కదండీ!" అని అర్జునరావు కేకేశాడు. ఈసారి హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

నవ్వు తగ్గాక జగ్గారావు మాట్లాడాడు. అతను నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం అదే మొదలు. "నాను సదూకోలేదు. సేతులతో తప్ప మాటాడ్డం తెల్దు. సెలమయ్య మీద నా సెయ్యి ఎత్తేను. అది తప్పు, అది నాది. మీరు నన్ను సూసి ఎత్తేరు. ఓడ మీద నా సెయ్యి సూడండి. ఇక్కడ సూడకండి. పదకొండో రూలుంది, నాలుగోవంతు మంది అడిగితే సీటీలు ఎయ్యాల. సీటీలు కావాలన్నోలు ఇప్పుడు మామూలుగా, ఒక్క సెయ్యే ఎత్తండి."

అని, అందరికీ వీపు పెట్టి గోడకేసి తిరిగి నిలబడ్డాడు. తువ్వాలు తీసి తన రెండు చేతులూ వెనక్కి పెట్టి చుట్టేసుకున్నాడు. తన చెయ్యి చూసి ఎవరూ ఎత్తకూడదని!

వెనక ఏం జరుగుతోందో అతనికి తెలియదు. కళ్ల ముందు గోడ, నీలం రంగు. ఒకటి, రెండు, మూడు క్షణాలు. అర్జునరావు ఏడుపో నవ్వో తెలియని గొంతుతో అరిచాడు. "బావా! నాలుగోవంతు కాదు బావా, సగం పైనే ఉన్నారు!"

ఇక చూడాలి హడావిడి! చీటీలకి కాగితం లేదంటే ఎవరో గుర్తుచేశారు, అందరి జేబుల్లోనూ నోటీసులున్నాయని. వాటినే చింపి వెనకవైపు వాడారు. సరే అనేవాడు సున్నా పెట్టాలి, వద్దు అనేవాడు కత్తెర గుర్తు పెట్టాలి. అక్షరం రానివాడికి కూడా అవి వచ్చు. డబ్బా? అటక మీది డబ్బాకి అడుగు లేదు. ముసలమ్మ తపేలా లోపలికి పంపించింది.

"కడిగి తుడిసే ఇచ్చేనొరే. ఓటు అడుగున అంటుకుంతే మాత్రం నన్నడక్కండి!"

ప్రెసిడెంటు స్టేజీ మీది కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆపమనడానికి ఆయనకీ హక్కుంది, చేతులు కత్తెర పెట్టొచ్చు. పెట్టలేదు. చీటీ ఇస్తే తీసుకుని, అటు తిరిగి కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాశాడు.

ఒంటిగంటన్నరకి లెక్క తేలింది. మొత్తం ఆరువందల పదకొండు. సున్నాలు నూటనలభై మూడు. కత్తెరలు నాలుగువందల యాభై తొమ్మిది. ఖాళీవి తొమ్మిది. హాలు దద్దరిల్లింది. అర్జునరావు స్టేజీ మీదికి ఒక్క గెంతు గెంతి జగ్గారావు చీటీ వేశాక మళ్లీ చేతులకి చుట్టుకున్న తువ్వాలు విప్పాడు. ఆ చేతులు తిమ్మిరెక్కి చచ్చుబడి ఉన్నాయి.

ఆ గోలలో ముసలమ్మ ఒక్కర్తే ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లింది. వేరే గిన్నెలో దాచిన అంబలి గ్లాసుతో ఇచ్చింది. "తాగు బాబూ. పొద్దున్నించి మాటాడి మాటాడి గొంతెండిపోనాది." ఆయన తాగాడు. గోడ మీది అక్షరాల వైపు చాలాసేపు చూశాడు.

తర్వాత రెండు నెలలు జగ్గారావుకి బొగ్గు ఓడలే పడ్డాయి, అన్నీ దూరపు బెర్తుల్లో ఆగేవి. ఎవరు వేయిస్తున్నారో అందరికీ తెలుసు. ఇంటికొచ్చేసరికి కళ్లు తప్ప అంతా నలుపే. "ఎవులు బాబూ నువ్వు?" అని గుమ్మంలోనే అడిగేది సన్యాసమ్మ. కానీ తీసెయ్యలేకపోయారు. ఆ రూలు పాసవలేదు కదా! గ్యాంగులన్నీ పట్టుబట్టడంతో జూన్‌లో చలమయ్యకి కార్డు తిరిగొచ్చింది. కొబ్బరికాయల కొట్టు బావమరిదికి అప్పగించి, మొదటిరోజే జగ్గారావు గ్యాంగులో చేరాడు. ఓడ అంచున నిలబడ్డ జగ్గారావుని కింద నుంచి చూసి, "చెయ్యెత్తవయ్యా, ఎదురు చూస్తున్నాం!" అని అరిచాడు.

మరుసటి ఏడాది ఎన్నికలొచ్చాయి. కొత్త ఇనప డబ్బా, అచ్చు వేసిన చీటీలు, తెర కట్టిన మూల. పన్నెండేళ్లలో చీటీల మీద అదే మొదటి ఎన్నిక. పోటీకి నలుగురు నిలబడ్డారు. వాళ్లలో సీతారామాంజనేయులు ఒకడు! నిలబడకూడదని ఏ రూల్లోనూ లేదు. ఆయన పదహారేళ్ల తర్వాత మళ్లీ ఓడలెక్కాడు. ఎండలో గ్యాంగు గ్యాంగుకీ తిరిగి ఓటు అడిగాడు. బస్తాల మీద కూర్చుని తిట్లు విన్నాడు. చలమయ్య ముందు నిలబడి, "తప్పయింది చలమయ్యా," అన్నాడు. చలమయ్య, "సరే గానండీ, నా ఓటు మీకు కాదు," అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

ఆయన ముప్పైఒక్క ఓట్లతో గెలిచాడు. ఇకమీదట రెండేళ్లకోసారి చీటీలు, రెండేళ్లకోసారి పోటీ. ఆ సంగతి ఆయనే నీలం రంగుతో గోడ మీద మూడో లైనుగా రాయించాడు.

గెలిచిన సాయంత్రం జగ్గారావు ఇంటికి రాగానే సన్యాసమ్మా రోజారమణీ చెరో పక్కన పట్టుకున్నారు.

"ముప్పైఒకటే తేడా అంట కదా మావా! నువ్వు ఎవులికేసేవు? బాబుగారికేనా?"

"చెప్పు నాన్నా, మాకైనా చెప్పు!"

జగ్గారావు తువ్వాలు కొక్కేనికి తగిలించాడు. కాళ్లు కడుక్కున్నాడు. పీట మీద కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కుడి చెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించి చూపించాడు.

సన్యాసమ్మకి ఓడ సిగ్నళ్లన్నీ వచ్చు. "ఓలమ్మో, ఉన్నకాడే ఉండమంతన్నాడే!" అని నవ్వుతూ అన్నం వడ్డించడానికి లేచింది.